ప్రతుల ఘర్షణ – పాఠనిర్ణయం: తాళపత్రం నుండి క్లౌడ్ పత్రం వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకే రచన రెండు చోట్ల వేరువేరుగా మారి, రెండు ప్రతులూ ఎదురెదురుగా నిలిచినప్పుడు దేనిని ప్రమాణంగా గ్రహించాలన్న ప్రశ్న తెలుగు పాఠపరిష్కరణకు కొత్తది కాదు. క్లౌడ్ నిల్వలో ఉంచిన వర్డ్ పత్రాలలో నేడు తలెత్తే సమకాలీకరణ ఘర్షణ ఆ పాత ప్రశ్నకే కొత్త రూపం. ఘర్షణను గుర్తించే పద్ధతులు కంప్యూటరు శాస్త్రంలో గత అయిదు దశాబ్దాలలో ఎలా రూపొందాయో, వాటికి తెలుగు పాఠపరిష్కరణ అనుభవంతో ఎక్కడ పోలిక ఉందో, ఎక్కడ భేదం ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఘర్షణను గుర్తించడం యంత్రం పని, పాఠాన్ని నిర్ణయించడం పరిష్కర్త పని అని, ఆ నిర్ణయానికి రెండు ప్రతులతోపాటు వాటి ఉమ్మడి మాతృక, కర్తృత్వ సూచన కూడా అవసరమని ఇందులో ప్రతిపాదించడం జరిగింది.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, పాఠాంతరం, మాతృక, సమకాలీకరణ, ఘర్షణ ప్రతి, యూనికోడ్, పోతన, బ్రౌన్.

1. ఉపోద్ఘాతం

వరంగల్ జిల్లాలోని నెక్కొండ కాజీపేట – విజయవాడ రైలుమార్గంలో ఉన్న మండల కేంద్రం. అక్కడి నుండి రోజూ రైలులో వరంగల్ వెళ్లి వచ్చే పరిశోధక విద్యార్థిని ఒకరిని ఉదాహరణగా ఊహించవచ్చు. సిద్ధాంత గ్రంథంలోని మూడవ అధ్యాయం ఆమె క్లౌడ్ ఖాతాలో ఉంది. ఇంటి ల్యాప్‌టాప్‌లోను, విభాగంలోని కంప్యూటరులోను అదే ఫైలు తెరుచుకుంటుంది. ఉదయం రైలులో, ఇంటర్నెట్ లేని వేళ, ల్యాప్‌టాప్‌లో రెండు పేరాలు సవరించింది. విభాగానికి చేరాక ల్యాప్‌టాప్ తెరవకుండానే అక్కడి కంప్యూటరులో అదే అధ్యాయానికి పర్యవేక్షకులు చెప్పిన దిద్దుబాట్లు చేసింది. సాయంత్రం ఇంట్లో ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌కు కలవగానే ఒకే అధ్యాయం రెండు ఫైళ్లుగా కనిపించింది. ఒకదాని పేరు చివర కంప్యూటరు పేరో, తేదీయో చేరి ఉంది.

ఇటువంటి సందర్భంలో సాధారణంగా జరిగేది ఒకటే. తేదీ చూసి, కొత్తదనిపించిన ఫైలును ఉంచి, రెండవదానిని తొలగిస్తారు. ఆ తొలగింపుతో ఉదయపు సవరణలో, పర్యవేక్షకుల దిద్దుబాట్లో చడీచప్పుడు లేకుండా పోతాయి. పోయిన సంగతి కొన్ని నెలల తరువాత, ఒక ఉల్లేఖనం పాత తప్పుతోనే అచ్చులో కనిపించినప్పుడు గాని తెలియదు. పరిశోధకులకు ఇది నిత్యజీవిత సమస్య. అయితే దీని స్వరూపం తెలుగు విభాగాలలో పాఠపరిష్కరణ పేరిట బోధించే విషయానికి ఎంతో దగ్గరగా ఉంది.

2. ప్రతులు విడిపోవడం: తెలుగు అనుభవం

2.1 పోతన భాగవతం – గద్య ఇచ్చే సాక్ష్యం

ఒక గ్రంథం పలువురి చేతులలో పూర్తి కావడానికి ఓరుగల్లు ప్రాంతంలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. బమ్మెర పోతన 15వ శతాబ్దంలో రచించిన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమయ్యాయని సంప్రదాయం చెబుతుంది. రాజు గ్రంథాన్ని భూమిలో పాతించాడన్న కథ ఒకటి, చెదలు తిన్నాయన్న కథ మరొకటి ప్రచారంలో ఉన్నాయి. కారణం ఏదైనా, నేడు లభించే భాగవతంలో పంచమ స్కంధం గంగన పేర, షష్ఠ స్కంధం ఏర్చూరి సింగన పేర, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ పేర ఉన్నాయి.

ఈ విభజన తెలియడానికి ప్రధాన ఆధారం స్కంధాంత గద్య. ప్రతి స్కంధం చివర ఆ భాగాన్ని ఎవరు రచించారో గద్య చెబుతుంది. గ్రంథపూరణ చేసిన కవులు తమ రచనను పోతన రచనలో ఆనవాలు లేకుండా కలిపివేయలేదు. తమ పేరు తమ భాగానికి పెట్టుకున్నారు. అందువల్లనే కర్తృత్వ చర్చకు నేటికీ ఆధారం మిగిలింది. ఒకే పత్రం పలువురి చేతులలో మారినప్పుడు ఏ భాగం ఎవరిదో నమోదు కావాలన్న సూత్రం తెలుగు కవులకు ఆచరణలో తెలిసినదే. నేటి పత్రాలలో వెర్షన్ చరిత్ర నిర్వహించే పాత్రలలో ఇది ఒకటి.

2.2 బ్రౌన్ – ప్రతుల సేకరణ, సరిపోల్చడం

పాఠభేదాలను పెద్ద ఎత్తున ఎదుర్కొన్న తొలి పరిష్కర్తలలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ముఖ్యుడు. 1820లో కడపలో ఉద్యోగానికి చేరిన బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులను జీతాలపై నియమించి, వాటిని సరిపోల్చే పని చేయించాడు. ఆయన 1829లో ప్రకటించిన వేమన పద్యాల సంపుటిలో 693 పద్యాలు ఉన్నాయి. 1839 నాటి సంపుటిలో ఆ సంఖ్య 1164 అయింది. పదేళ్లలో వచ్చిన ఈ తేడా వేమన పద్యాలకు ఒకే స్థిరమైన మూలప్రతి లేదన్న వాస్తవాన్ని స్పష్టం చేస్తుంది. నోటినుండి నోటికి, ఆకునుండి ఆకుకు సాగిన పద్యాలు ప్రతి చోటా కొంత మారాయి, కొంత పెరిగాయి.

బ్రౌన్ పద్ధతిలో మెచ్చదగినది ఒకే ప్రతిని నమ్ముకోకపోవడం. పలు ప్రతులను ఒకచోట చేర్చి, పాఠాంతరాలను గుర్తించిన తరువాతనే శుద్ధప్రతి సిద్ధం చేయించాడు. తాను సేకరించిన ప్రతులను పారవేయక భద్రపరచడం అంతకంటె పెద్ద మేలు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్న ఆ ప్రతుల వల్లనే తరువాతి పరిశోధకులు ఆయన నిర్ణయాలను తిరిగి పరీక్షించగలిగారు. పరిష్కర్త నిర్ణయం తప్పు కావచ్చు. ఆధారాలు మిగిలి ఉంటే ఆ తప్పును దిద్దే అవకాశం కూడా మిగిలే ఉంటుంది.

2.3 సంశోధిత ప్రతి

పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ఆరంభించి 1966లో పూర్తి చేసిన సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణ ఈ పద్ధతికి భారతదేశంలో పరాకాష్ఠ. విష్ణు సీతారాం సుక్తంకర్ సంపాదకత్వంలో రూపుదిద్దుకున్న విధానం ప్రకారం నిర్ణీత పాఠం పుట పైభాగాన, పాఠాంతరాలు దిగువన ఉంటాయి. నిర్ణయం, దానికి ఆధారం రెండూ ఒకే పుటలో పాఠకుని ముందుంటాయి. ఓడిన పాఠానికి కూడా పుటలో చోటు ఉండడం ఈ విధానానికి ప్రాణం.

3. ఘర్షణను గుర్తించడం: కంప్యూటరు శాస్త్ర చరిత్ర

3.1 తాళం వేయడం

రెండు ప్రతులు విడిపోకుండా ఆపడానికి అతి సరళమైన ఉపాయం ఒకరు రాస్తున్నంతసేపు మరొకరిని ఆపడం. రైలుమార్గాల చరిత్ర తెలిసినవారికి ఇది సుపరిచితం. నెక్కొండ మీదుగా సాగే మార్గం నిజాం రాజ్య రైల్వే కాలంలో, 1889లో బెజవాడను చేరింది. ఒంటి పట్టాల మార్గాలలో రెండు రైళ్లు ఎదురుపడకుండా 1878లో ఎడ్వర్డ్ టయర్ రూపొందించిన టాబ్లెట్ యంత్రం వంటివి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి. ఆ బిళ్ల చేతికి అందనిదే డ్రైవరు రైలును ముందుకు నడపరాదు. ఒక సెక్షనుకు ఒక సమయంలో బయటకు వచ్చే బిళ్ల ఒక్కటే.

బెల్ ప్రయోగశాలలలో 1972లో మార్క్ రోచ్‌కిండ్ ఆరంభించిన సోర్సు కోడ్ నియంత్రణ వ్యవస్థ, 1980ల ఆరంభంలో వాల్టర్ టిషీ రూపొందించిన ఆర్‌సీఎస్ ఇదే సూత్రంపై పనిచేశాయి. మైక్రోసాఫ్ట్ వర్డ్ పత్రం తెరిచినప్పుడు అదే ఫోల్డరులో చిన్న దాపు ఫైలు ఒకటి ఏర్పడుతుంది. మరొకరు ఆ పత్రం తెరవబోతే అది వాడుకలో ఉందని హెచ్చరిక రావడానికి కారణం అదే. ఒకే నెట్‌వర్కులో కలిసి ఉన్న కంప్యూటర్ల మధ్య ఈ తాళం పనిచేస్తుంది. ఇంటర్నెట్ లేని రైలు పెట్టెలోని ల్యాప్‌టాప్‌కు తాళం సంగతి తెలియదు. సమస్య అక్కడే పుడుతుంది.

3.2 గడియారాన్ని నమ్మరాదు

తాళం లేనప్పుడు చివరగా రాసినదే నిలుస్తుందన్న నియమం సులభంగా తోస్తుంది. దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, వేరువేరు యంత్రాల గడియారాలు కచ్చితంగా ఏకీభవించవు. రెండవది, గడియారాలు సరిగా ఉన్నా ముందువెనుకలు తెలుస్తాయే గాని, ఒక సవరణ చేసినవారు మరొక సవరణను చూశారో లేదో తెలియదు. లెస్లీ లాంపోర్ట్ 1978లో ప్రకటించిన వ్యాసం ఈ విచారణకు పునాది వేసింది. విడివిడి యంత్రాలలో జరిగే సంఘటనలకు కాలక్రమం కంటె కారణక్రమం ముఖ్యమని అది చూపింది.

దీని ఆధారంగా 1983లో పార్కర్, సహరచయితలు ప్రతిపాదించిన వెర్షన్ వెక్టర్ పద్ధతిని పై ఉదాహరణతోనే వివరించవచ్చు. ప్రతి యంత్రంలో ఎన్ని సవరణలు జరిగాయో ఫైలుతోపాటు లెక్క ఉంటుంది. ఉదయానికి ఆ లెక్క ల్యాప్‌టాప్ 4, విభాగపు కంప్యూటరు 2 అనుకుంటే, రైలులో సవరించిన ప్రతి లెక్క 5, 2 అవుతుంది. విభాగంలో సవరించిన ప్రతి లెక్క 4, 3 అవుతుంది. మొదటి అంకెలో ఒకటి పెద్దది, రెండవ అంకెలో మరొకటి పెద్దది. ఏదీ రెండవదానిని పూర్తిగా తనలో ఇముడ్చుకోలేదు. కాబట్టి అది ఘర్షణ. రైలులోని సవరణ ముందుగా విభాగానికి చేరి, ఆ తరువాత అక్కడ దిద్దుబాటు జరిగి ఉంటే లెక్క 5, 3 అయ్యేది. అప్పుడు ఘర్షణ లేదు, క్రమవికాసం మాత్రమే.

పాఠపరిష్కర్తలు ఇదే సత్యాన్ని మరొక దారిలో గ్రహించారు. ఇటలీ పండితుడు జార్జో పాస్క్వాలీ 1934 నాటి గ్రంథంలో, అర్వాచీన ప్రతి అయినంత మాత్రాన అది హీనమైన ప్రతి కాదని నిరూపించాడు. ఇటీవల రాసిన ప్రతి నేడు లభించని ప్రాచీన మాతృకనుండి దిగి ఉండవచ్చు. పాతదే మంచిదన్న నమ్మకం ఎంత బలహీనమో, కొత్తదే మంచిదన్న సింక్ నియమం కూడా అంతే బలహీనం. ప్రతి విలువ దాని తేదీని బట్టి కాక దాని వంశాన్ని బట్టి తేలుతుంది.

3.3 ఆఫ్‌లైన్ పని, ఘర్షణ ప్రతి

నెట్‌వర్కు తెగినా పని ఆగకూడదన్న ఆశయంతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1987 నుండి రూపొందిన కోడా ఫైలు వ్యవస్థ ఈ చరిత్రలో మరొక మైలురాయి. దానికి నాయకత్వం వహించిన మహదేవ్ సత్యనారాయణన్ మద్రాసు ఐఐటీ పూర్వ విద్యార్థి. తెగిన యంత్రం తిరిగి కలిసినప్పుడు అందులోని మార్పులను సర్వరు ప్రతితో పోల్చి, పొసగని వాటిని వాడుకరి ముందుంచడం ఆ వ్యవస్థలో భాగం. 2008లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన డ్రాప్‌బాక్స్ ఘర్షణ ఏర్పడినప్పుడు రెండు ఫైళ్లనూ ఉంచి, ఒకదాని పేరుకు ఘర్షణ ప్రతి అన్న సూచనను, తేదీని చేర్చే పద్ధతిని సామాన్య వాడుకరులకు పరిచయం చేసింది. వన్‌డ్రైవ్ కంప్యూటరు పేరు చేరుస్తుంది.

అకస్మాత్తుగా ప్రత్యక్షమయ్యే ఈ రెండవ ఫైలును వాడుకరులు లోపంగా భావిస్తారు. నిజానికి అది వ్యవస్థ చూపే నిజాయితీ. ఏది సరైనదో తాను నిర్ణయించలేనని చెప్పి, రెండు సాక్ష్యాలనూ భద్రపరిచి, నిర్ణయాన్ని మనిషికి అప్పగిస్తున్నది. ఆ రెండవ ఫైలును చూడకుండా తొలగించడం పాఠాంతర సూచిక ఉన్న పుట దిగువ భాగాన్ని కత్తిరించివేయడంతో సమానం.

4. కలపడం: సాధ్యాసాధ్యాలు

4.1 మాతృక అవసరం

రెండు ప్రతులను పోల్చినప్పుడు తేడా ఎక్కడుందో తెలుస్తుంది గాని, మార్పు ఏ ప్రతిలో జరిగిందో తెలియదు. ఒకదానిలో ఒక వాక్యం ఉండి మరొకదానిలో లేకపోతే, మొదటివారు చేర్చారా, రెండవవారు తొలగించారా? రెండింటికీ ఉమ్మడి మాతృకను చూస్తేనే జవాబు దొరుకుతుంది. మాతృకలో ఆ వాక్యం ఉంటే అది తొలగింపు, లేకుంటే చేర్పు. మూడు ప్రతులను పోల్చి కలిపే ఈ పద్ధతి 1970ల చివరినాటి యూనిక్స్‌లోని సాధనాలలోను, లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఆరంభించిన గిట్‌లోను కనిపిస్తుంది.

ఇక్కడ పాత పరిష్కర్తకు, నేటి పరిశోధకునికి పెద్ద భేదం ఉంది. తాళపత్ర సంప్రదాయంలో మాతృక సాధారణంగా నశించి ఉంటుంది. లభించిన ప్రతుల సామ్యభేదాలనుండి పరిష్కర్త దానిని ఊహించాలి. క్లౌడ్ పత్రానికి మాతృక వెర్షన్ చరిత్రలో పదిలంగా ఉంటుంది. అయితే సేవలు పాత వెర్షన్లను పరిమితంగానే నిలుపుతాయి. గడువు దాటితే నేటి పరిశోధకుడు కూడా తాళపత్ర పరిష్కర్త స్థితికే చేరుకుంటాడు.

4.2 ఫైలు స్వభావం

ప్రోగ్రాములలో సాధారణమైన కలపడం వర్డ్ పత్రాలకు అంత సులభంగా అమరదు. నేటి వర్డ్ ఫైలు నిజానికి పలు ఎక్స్‌ఎంఎల్ భాగాలను కుదించి కట్టిన జిప్ మూట. ఒక్క పదం మారినా ఆ మూటలోని బైట్లు చాలావరకు మారిపోతాయి. ఫైళ్లను బయటినుండి చూసే సింక్ సేవకు లోపలి వాక్యం కనిపించదు. అందువల్ల పత్రం లోపలికి చూడగల వర్డ్ ప్రాసెసరే పోల్చే పని చేయాలి. వర్డ్‌లోని రివ్యూ విభాగంలో ఉన్న కంపేర్, కంబైన్ సాధనాలు, లిబ్రెఆఫీస్ రైటర్‌లోని అటువంటి సాధనాలు రెండు పత్రాల తేడాలను గుర్తులతో చూపుతాయి. ప్రతి గుర్తునూ అంగీకరించడమో, తిరస్కరించడమో వాడుకరి చేయాలి.

4.3 ఒకే పత్రంలో ఒకేసారి

విడిపోయిన తరువాత కలపడం కంటె, విడిపోకుండా అక్షరం అక్షరం కలుపుతూ పోవడం మరొక మార్గం. ఇద్దరు దూరంగా ఉండి ఒకే పత్రంపై పనిచేయడాన్ని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లోనే ప్రదర్శించాడు. 1989లో ఎలిస్, గిబ్స్ ప్రతిపాదించిన పద్ధతిలో ఒకరి చేర్పు వల్ల మరొకరి సవరణ స్థానం ఎంత జరిగిందో లెక్కించి సర్దుబాటు చేస్తారు. 2010లో గూగుల్ డాక్స్ కొత్త ఎడిటరుతో ఈ మార్గం లక్షలాది వాడుకరులకు అనుభవమైంది.

ఈ పద్ధతిలో ఘర్షణ హెచ్చరిక దాదాపు కనబడదు. అయితే హెచ్చరిక లేనంత మాత్రాన ఘర్షణ లేదని కాదు. ఉదాహరణకు, “ఈ కవి మూడు కావ్యాలు రచించాడు, వాటిలో రెండు అలభ్యాలు” అన్న వాక్యాన్ని ఇద్దరు సహరచయితలు వేరువేరుగా దిద్దారనుకుంటే, ఒకరు కొత్త ఆధారంతో “మూడు”ను “నాలుగు” చేయవచ్చు. అలభ్యమనుకున్న వాటిలో ఒకటి దొరికిందని మరొకరు “రెండు”ను “ఒకటి” చేయవచ్చు. మార్పులు వేరువేరు పదాలలో ఉన్నాయి కనుక యంత్రం రెండింటినీ నిరభ్యంతరంగా కలుపుతుంది. “నాలుగు కావ్యాలు రచించాడు, వాటిలో ఒకటి అలభ్యం” అన్న పాఠం వస్తుంది. మొదటివారి లెక్కలో నాలుగవ కావ్యం కూడా అలభ్యమే అయితే, ఈ వాక్యం ఇద్దరిలో ఎవరి అభిప్రాయమూ కాదు. లేఖకుడు రెండు ప్రతులు ముందుంచుకుని, ఒకదానినుండి ఒక పాదం, మరొకదానినుండి ఒక పాదం తీసుకుని మిశ్రపాఠం తయారుచేయడం వంటిదే ఇది. మిశ్రపాఠం పైకి నిర్దుష్టంగా కనిపిస్తుంది కనుకనే దానిని పట్టుకోవడం కష్టం.

5. తెలుగు పత్రాలలో ప్రత్యేక చిక్కులు

పాఠభేదాలలో అర్థాన్ని మార్చేవి, లేఖనరూపాన్ని మాత్రమే మార్చేవి వేరు. డబ్ల్యు.డబ్ల్యు. గ్రెగ్ 1950లో ఆంగ్ల గ్రంథాల విషయంలో ఈ విభజనను సిద్ధాంతీకరించాడు. సున్న తరువాతి ద్విత్వం, అరసున్న ఉండడం ఉండకపోవడం, శకటరేఫ సాధురేఫల వినిమయం వంటివి తెలుగు పరిష్కర్తలకు ఈ కోవలో నిత్యపరిచితాలు. అయితే ఛందస్సులోను, వ్యాకరణ చర్చలోను లేఖనభేదమే ప్రధానం కావచ్చు.

కంప్యూటరులో మూడవ రకం భేదం చేరింది. అది కంటికి కనిపించదు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానైనా, ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అన్న రెండు సంకేతాల జంటగానైనా నమోదు చేయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానం. తెరపై రెండూ ఒకటే. కాని రెండు రూపాలను ఏకరూపం చేయకుండా పోల్చే సాధనానికి “కైక” అన్న మాట రెండు వేరు మాటలుగా తోస్తుంది. “రాజ్‌కుమార్” వంటి మాటలలో పొల్లు తరువాత వచ్చే అదృశ్య విభాజకం ఒక కీబోర్డులో చేరుతుంది, మరొకదానిలో చేరదు. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పాఠం, దాని యూనికోడ్ రూపం ఒకటే అయినా యంత్రానికి వాటి మధ్య ఒక్క అక్షరం కలవదు. ఫలితంగా పోల్చిన పత్రమంతా ఎర్రగీతలతో నిండిపోతుంది. ఆ గందరగోళంలో, ఒక శాసన సంవత్సరంలో మారిన ఒక్క అంకె చూపు తప్పించుకుంటుంది. లేఖనభేదాల గుంపులో పాఠభేదం మరుగుపడటం పరిష్కర్తలకు పాత అనుభవమే.

6. పరిష్కార క్రమం

పై చర్చ ఆధారంగా సిద్ధాంత గ్రంథ రచనలో అనుసరించదగిన క్రమాన్ని ఇలా సూచించవచ్చు.

మొదట, ఘర్షణ కనిపించగానే రెండు ఫైళ్లనూ సింక్ ఫోల్డరు వెలుపలికి నకలు తీసి, ప్రతులకు సంకేతాలు పెట్టినట్లు వాటికి క, ఖ అన్న పేర్లు ఇవ్వాలి. నిర్ణయం పూర్తయ్యేవరకు ఏదీ తొలగించరాదు. రెండవది, వెర్షన్ చరిత్రనుండి ఉమ్మడి మాతృకను తీసి మూడవ ప్రతిగా ఉంచాలి. మూడవది, మూడింటినీ ఒకే సంకేత రూపానికి, ఒకే ఫాంటుకు తేవాలి. నాలుగవది, మాతృకతో ఒక్కొక్క ప్రతిని విడిగా పోల్చి, ఆ తరువాతనే రెండింటినీ కలపాలి. అయిదవది, కలిపిన పాఠాన్ని సంఖ్యలు, తేదీలు, ఉల్లేఖనాలు, పుటసంఖ్యల విషయంలో మొదటినుండి చదవాలి, ఎందుకంటే మిశ్రపాఠం పుట్టే చోట్లు ముఖ్యంగా ఇవే. చివరిగా, ఏ ప్రతినుండి ఏది గ్రహించారో పత్రం చివర రెండు వాక్యాలలో నమోదు చేయాలి.

7. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

సమకాలీకరణ ఘర్షణ సాంకేతిక లోపం కాదు. ఒకే రచన ఒకదానినొకటి ఎరుగని రెండు చోట్ల పెరగడం దానికి కారణం. తాళపత్ర కాలంలో శతాబ్దాలు పట్టిన ఈ పరిణామం నేడు నెక్కొండ – వరంగల్ ప్రయాణకాలంలో పూర్తవుతున్నది.

ప్రతి తేదీ దాని ప్రామాణ్యాన్ని నిర్ణయించదు. ఈ విషయంలో పాస్క్వాలీ పాఠవిమర్శ, లాంపోర్ట్ గణనశాస్త్రం ఒకే నిర్ణయానికి వచ్చాయి.

యంత్రం ఘర్షణను గుర్తించడంలో మనిషి కంటె సమర్థమైనది. అర్థఘర్షణను మాత్రం అది గుర్తించలేదు. అందువల్ల పాఠపరిష్కరణ శిక్షణ ప్రాచీన కావ్యాలతో ముగిసిపోయే విద్య కాదు. తన అధ్యాయాన్ని తాను కాపాడుకోవలసిన ప్రతి పరిశోధకునికీ అది అవసరం. ఎంఏ, పరిశోధన స్థాయి పాఠ్యప్రణాళికలలో పాఠపరిష్కరణ విభాగానికి డిజిటల్ ప్రతుల అభ్యాసాన్ని చేర్చడం ఈ దృష్ట్యా సముచితం.

వెర్షన్ చరిత్ర గడువు ముగిస్తే నశిస్తుంది. ఫైలు పేరు మారితే ఏ ప్రతి ఎవరిదో తెలియకుండా పోతుంది. గంగన, సింగన, నారయలు తమ స్కంధాల చివర పెట్టిన గద్య మాత్రం గ్రంథంలోనే భాగమై, గ్రంథం ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లింది. పత్రంలో జరిగిన నిర్ణయాల నమోదు కూడా సేవాసంస్థ సర్వరులో కాక, పత్రం లోపలే ఉండాలి.